తొట్టెల కింద గుడ్లు

పడవలో అందరూ ఫోన్లు పట్టుకుని లేచి నిలబడ్డప్పుడు నేనొక్కదాన్నే తల దించుకుని, కొంగు అడ్డం పెట్టుకుని మూడుసార్లు ఉమ్మాను. నవ్వితే నవ్వండి. ఆ పిట్ట అరుపు వింటే ఇప్పటికీ నా చేత ఆ పని మా నాయనమ్మే చేయిస్తుంది. ఆమె పోయి ఎన్నేళ్లయిందో కూడా నాకు గుర్తు లేదు.

ఆఫ్రికాలో ఒక పెద్ద సరస్సు అది. అవతలి ఒడ్డు కనపడదు. చుట్టూ ఉన్న అడవినంతా జంతువులకే వదిలేసి, మనుషులు టికెట్టు కొనుక్కుని వెళ్లి చూసి రావడానికి దారులు వేశారు. ఆ దేశంలో మా తమ్ముడు బోరుబండ్లు నడిపిస్తున్నాడు. "ఒక్కపారి వచ్చి చూసిపో అక్కా, నీకు పిట్టలంటె పానం గదా" అని ఏళ్ల తరబడి సతాయించి, చివరికి తనే వచ్చి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

పిట్టలంటే ప్రాణమే, నిజం. కానీ పిట్టలున్న చోట మిగతావి కూడా ఉంటాయన్న సంగతి వాడు చెప్పలేదు. పొద్దున జీపుకు ఏనుగులు అడ్డం వచ్చి పావుగంట కదల్లేదు. ఆ పావుగంట నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. పడవ ఎక్కాక నీటిగుర్రాలు. ఒకటి మా పక్కనే లేచి ఆవులించింది. ఆ నోట్లో మా ఇంటి గ్యాస్ బండ నిలువునా పడుతుంది. నీళ్ల అంచున రాజహంసలు వేలకు వేలు గులాబీ రంగులో నిలబడి ఉన్నాయి, గూడబాతులు గొంతుసంచులు వేలాడేసుకుని తలల మీదుగా పోతున్నాయి. చూడాలని అంత దూరం నుంచి వచ్చినదాన్ని, ఒక కన్ను వాటి మీద, ఒక కన్ను నీళ్ల మీద పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

అప్పుడు అరిచింది ఆ పిట్ట. ఒడ్డు ఇసుకలో ఉంది, పొడుగు కాళ్లది. మన తీతువు కాదు గానీ దాని మేనత్త బిడ్డ అయి ఉంటుంది, అదే గొంతు, అదే తొందర. నేను ఉమ్మడం, పడవ నడిపే మనిషి చెయ్యెత్తి అందరినీ గమ్మునుండమనడం ఒకేసారి జరిగాయి. అతను ఆ దేశం వాడు, అడవి ఉద్యోగి. అతని మాటలు తమ్ముడు నా చెవిలో చెప్పాడు.

"పిట్ట ఉత్తగ ఒర్లదట అక్కా. ఒర్లిందంటె ఆడ ఏదో ఉన్నదట. అటే సూడుమంటుండు."

చూశాను. ఇసుకలో తవ్విన గుంతలోంచి మొసలి తల ఎత్తింది. నోరు సగం తెరిచి ఉంది, పళ్ల సందుల్లో చిన్న చిన్న తోకలు కదులుతున్నాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లల్ని తల్లి అలా నోట పెట్టుకుని నీళ్లలో వదులుతుందట. అందరూ ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను.

తమ్ముడు ఊరుకోలేదు. లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, పడవలో ఉన్న దేశదేశాల వాళ్లకు ఇంగ్లీషులో చెప్పేశాడు. తను పాలు తాగే పిల్లవాడిగా ఉన్నప్పుడు మా ఊరి నదిలోంచి మొసలి వచ్చిందనీ, ఎనిమిదేళ్ల ఈ అక్క తనను ఎత్తుకుని పరుగెత్తిందనీ, లేకపోతే ఈ రోజు తను లేడనీ. పడవంతా చప్పట్లు. తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఈ కథ వాడు తన పెళ్లిలో చెప్పాడు, పిల్లల పుట్టినరోజులకు చెప్పాడు, పనివాళ్లకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నేను తల వంచుకుంటాను. అది చూసి ఎంత వినయం అంటారు. వినయమా నా బొందా! నేను వాణ్ణి ఎత్తుకోలేదు. తొట్టెల్లో వదిలేసి ఉరికాను. ఈ సంగతి తెలిసిన మనిషి మమ్మల్ని కన్న మా అవ్వ ఒక్కతే, ఆమె కూడా పోయింది. వాడికి తెలిస్తే నా ముఖం చూస్తాడా అన్న భయంతో ఇన్నేళ్లు వెళ్లదీశాను.

మాది లక్సెట్టిపేట దిక్కు గోదావరి ఒడ్డు పల్లె. గోదావరి అన్నది బడి పుస్తకంలో పేరు, మాకందరికీ అది గంగ. ఇప్పుడక్కడ ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్ని ఏడాది పొడుగునా సముద్రంలా నిలబడి ఉంటాయి. నా చిన్నప్పుడు చలి తగ్గేసరికి గంగ సన్నబడి ఒక పక్కకు ఒదిగేది, మిగతాదంతా ఇసుక తేలేది. ఆ ఇసుకే మా చేను. గుంతలు తీసి, తడి తగిలాక పెంట వేసి, పుచ్చ, కర్బూజ, దోస గింజలు పెట్టేవారు. పక్కనే ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు తోడి కడవలతో పోసేవారు. ఎండాకాలం అయ్యేదాకా మా కాపురం అక్కడే, రెల్లుగడ్డి గుడిసెలో. రొట్టెలో ఇసుక, పులుసులో ఇసుక, చెవుల్లో ఇసుక. ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్తే ఆ కరకర లేక అన్నం తిన్నట్టుండేది కాదు నాకు.

కర్బూజ పండిందని కన్ను కంటే ముందు ముక్కు చెప్పేది. తెల్లవారి లేచేసరికి గుడిసె నిండా ఆ వాసనే. పొద్దున జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. మధ్యాహ్నం అంబలి. సాయంత్రం తాత వల తెచ్చిన చేపలను బట్టి మామిడికాయ వేసి పులుసు. నడుమనడుమ తినేది లెక్కలో లేదు. పుచ్చకాయకు కత్తితో గాటు పెట్టి ముక్క తీసి చూసేదాన్ని, ఎర్రగా లేకపోతే ఆ ముక్కను మళ్లీ అందులోనే దూర్చి, గాటు కిందికి వచ్చేట్టు కాయను తిప్పి పెట్టేదాన్ని. నాలుగు రోజులకు కాయ కుళ్లి బుస్సుమనేది. "నక్క పని" అనేవాడు బాపు, మా నాన్న. ఆ నక్క పక్కనే కూర్చుని రొట్టె తింటుండేది.

నాకు పిట్టల పిచ్చి. ఏ కొంగ ఏ రాయి మీద నిలబడుతుందో, లకుముకి ఏ గట్టు బొరియలో దూరుతుందో అన్నీ నాకు తెలుసు. ఒక్క తీతువు దగ్గర మాత్రం నాయనమ్మ ఆజ్ఞ. తీతువు రాత్రిపూట అరిస్తే కీడని లోకమంతా అంటుంది. మా నాయనమ్మకు రాత్రీ పగలూ అన్న తేడా లేదు.

"అది ఒర్లితె అటుదిక్కు సూడకు బిడ్డా. మూడుసార్లు ఉమ్మి, ఈపు తిప్పి నిలవడు. సూసినోల్ల మీదికే వస్తది కీడు."

తాతకు ఇవన్నీ పట్టవు. ఆయన మాట్లాడితే గంగ గురించి, గంగలో ఉండేవాటి గురించి. మా తోటకు ఎగువన మడుగు ఉండేది. ఎంత ఎండలోనూ ఎండేది కాదు, నల్లగా ఉండేది. అందులో మొసళ్లు ఉన్నాయి. ఒడ్డున ఎండకు పడుకున్నప్పుడు దూరం నుంచి చూపించేవాడు. "మడుగు దానిది, తోట మనది. దాని జోలికి మనం పోకుంటె మన జోలికి అది రాదు" అనేవాడు చుట్ట వెలిగించుకుంటూ. ఆ మాట మీద నమ్మకంతోనే మా ఊరి పిల్లలం ఆ ఇసుకలో పెరిగాం.

ఆ ఏడు ఎండలు ముదిరి చెలిమెలన్నీ అడుగంటాయి. మడుగు వైపు ఇసుకలో కొత్తది తవ్వి చూడమని నాయనమ్మ నా చేతికి ముంత ఇచ్చి పంపింది. మడుగుకు ఇవతలే ఆగిపొమ్మని కూడా చెప్పింది. చెలిమె తవ్వేటప్పుడు గట్టిగా పేరుకున్న ఇసుక చూసుకుని తవ్వాలి. నేను మెత్తటి చోటు దొరికిందని సంబరపడ్డాను. ఇసుక ముందే ఎవరో తవ్వి పూడ్చినట్టు చేతికి వదులుగా వస్తోంది. ఎవరు తవ్వారని ఆలోచించే బుద్ధి ఉంటే ఈ కథే లేదు. తల మీద తీతువులు రెండు గిరగిరా తిరుగుతూ ఒకటే గోల. నేను చెప్పిన మాట వినే పిల్లలా మూడుసార్లు ఉమ్మి, మడుగుకు వీపు పెట్టి, తవ్వుతూనే ఉన్నాను.

మోచెయ్యి లోతున చేతికి గుడ్లు తగిలాయి. బాతుగుడ్డంత, తెల్లగా, గట్టిగా. లోపల ఇంకా ఉన్నాయి, ఎన్నో. తీతువు ఇసుక మీద గుడ్లు పెడుతుంది కదా, దానికంటే పెద్ద పిట్ట ఇసుక లోపల పెడుతుందని నా తెలివి. చలికాలంలో వచ్చే అడవి బాతులవే అనుకున్నాను. ఒక్క బాతుపిల్లను పెంచుకోవాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఏడు గుడ్లు లంగా ఒడిలో కట్టుకుని, గుంత పూడ్చి, నీళ్లు పడలేదని చెప్పేశాను. నాయనమ్మ కంట పడితే పులుసులో పడతాయి. అందుకని దాచడానికి చోటు వెతికాను. గుడిసెలో ఎవరూ కాలు పెట్టని చోటు ఒక్కటే, తమ్ముడి తొట్టెల కింద. రెండు గుంజలకు కట్టిన పాత చీర అది, నేలకు మోకాలెత్తున వేలాడుతుండేది. దాని కింద ఇసుకలో పాతిపెట్టి పైన చదును చేశాను.

మూడో రోజు నాయనమ్మ లక్సెట్టిపేట అంగడికి పోయింది. మగవాళ్లు ఒడ్డున బండ్లకు కాయలు ఎక్కిస్తున్నారు. అవ్వ గంపలో కాయలు నింపుకుని ఒడ్డుకు చేరవేస్తోంది. "తమ్మున్ని ఊపుకుంట ఉండు, గిట్ల పోయి గట్ల వస్త" అని చెప్పి వెళ్లింది. ఒడ్డు దూరం, కేకేస్తే వినపడదు. ఎండ తగ్గుతున్న వేళ. నేను చీర కొసను కాలి వేలితో ఊపుతూ గింజలు నములుతున్నాను.

కింద ఇసుకలోంచి చప్పుడు వచ్చింది. గుర్క్, గుర్క్ అని. ముందు తమ్ముడి కడుపులో అనుకున్నాను. చెవి నేలకు ఆనించాను. గుడ్లు మాట్లాడుతున్నాయి. ఒకటి పిలిస్తే ఇంకొకటి పలుకుతోంది. బాతుపిల్లలు వస్తున్నాయని నా సంతోషం ఇంతా అంతా కాదు. తమ్ముడు కూడా లేచి, ఆ చప్పుడుకు బోసినోటితో నవ్వాడు.

మడుగు వైపు తీతువు అరిచింది. ఉమ్మాను, వీపు తిప్పాను. అరుపు దగ్గరకొచ్చింది. మళ్లీ ఉమ్మాను. అది ఎగురుతూ, ముక్కలు ముక్కలుగా అరుస్తూ, మా తోట మీదికే వస్తోంది. గుడిసె గోడకు ముఖం ఆనించి కళ్లు గట్టిగా మూసుకున్నాను, చూస్తే మన మీదికే వస్తుందని. అంత బుద్ధిగా నా జీవితంలో ఎవరి మాటా వినలేదు. నోరు ఎండిపోయి ఉమ్ము రావడం లేదు. వెనక పుచ్చతీగల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. ఒక కాయ చితికిన చప్పుడు. తర్వాత వాసన, కుళ్లిన చేప, బురద కలిసిన వాసన.

అప్పుడు తిరిగాను.

గుడిసె వాకిట్లో ఉంది. నేను చూసిన మొసళ్లన్నీ దూరం నుంచి దుంగల్లా పడుకున్నవే. ఇది నాలుగు కాళ్ల మీద పొట్ట పైకెత్తి నిలబడి ఉంది. కంట్లో రెప్ప అడ్డంగా కదిలింది. నన్ను చూడటం లేదు. తొట్టెల కింది నేలను చూస్తోంది. గుడ్లు పిలుస్తూనే ఉన్నాయి. తమ్ముడి చెయ్యి ఒకటి చీరలోంచి బయటికి వేలాడుతోంది. నాకూ వాడికీ మధ్య రెండడుగులు, అంతే. వాణ్ణి తీసుకుని వెనక రెల్లుగడ్డి తోసుకుని పోవచ్చు. ఈ లెక్క తర్వాత వెయ్యిసార్లు వేసుకున్నాను. ఆ క్షణంలో లెక్క లేదు, తమ్ముడు లేడు, భయం ఒక్కటే ఉంది. గడ్డి చీల్చుకుని నేనొక్కదాన్నే బయటపడి ఉరికాను.

దారి మధ్యలో అవ్వ ఖాళీ గంపతో ఎదురొచ్చింది. ఆమె నా చేతులు చూసింది. ఖాళీగా ఉన్నాయి.

"పిల్లగాడేడే?"

నేను గుడిసె వైపు చెయ్యి చూపించాను. గంప పడేసి ఆమె ఉరికింది, వెనక నేను. మేము సగం దూరంలో ఉండగానే మొసలి గుడిసెలోంచి బయటికొచ్చి మడుగు దారి పట్టింది. నోరు మూసి లేదు. నోట్లో ఏదో ఉంది, కదులుతోంది. అవ్వ అరిచిన అరుపు నేను మళ్లీ ఎక్కడా వినలేదు, వినకూడదు కూడా. ఆమె మొసలి వెంట పడబోయింది. అంతలో గుడిసెలోంచి వాడి ఏడుపు వినపడింది.

తొట్టెల ఇంకా ఊగుతోంది. కింద ఇసుక కుండ పట్టేంత లోతు తవ్వేసి ఉంది, పెంకులు చెల్లాచెదురుగా. వాడికి గీత కూడా పడలేదు. అవ్వ వాణ్ణి తీసి నలిపేసినట్టు హత్తుకుంది. తర్వాత వాణ్ణి నా చేతుల్లో పెట్టి కూలబడింది. పడ్డదల్లా ఆ పెంకులను చూసింది, నన్ను చూసింది. మగవాళ్లు కర్రలతో పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినపడగానే కాలితో ఇసుక తోసి పెంకుల మీద కప్పేసింది.

ముందు వచ్చింది తాత. బయట జాడ చూశాడు, నా చేతుల్లో తమ్ముణ్ణి చూశాడు. "పిల్లగాన్ని ఎత్తుకొని ఉరికిందా నా మనుమరాలు!" అన్నాడు. బాపు అవ్వ వైపు చూశాడు. బాపు కోపం మా అందరికీ తెలుసు.

"ఔ మామా. అదే ఎత్తుకున్నది" అంది అవ్వ.

ఆ ఒక్క మాట నా కోసం అందో, పిల్లలను వదిలివెళ్లినందుకు తన మీదికి రాకుండా అందో, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చీకటి పడకముందే ఆమె ఆ ఇసుకంతా వేళ్లతో జల్లెడ పట్టినట్టు వెతికింది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

"ఎన్ని తెచ్చినవే?"

"ఏడు."

ఒక్కటీ దొరకలేదు. తొట్టెల విప్పి చంకన పెట్టుకుని, మమ్మల్నిద్దరినీ తీసుకుని ఒడ్డు మీది ఇంటికి నడిచింది. ఆ తర్వాత ఆ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. ఊళ్లో మాత్రం నాకు బెల్లం పెట్టారు, కొత్త లంగా కుట్టించారు. ఆ బెల్లం తినలేక పారేస్తే, దిష్టి తగిలిందని నాయనమ్మ దిష్టి తీసింది. ఇంక నేను ఇసుకలోకి దిగలేదు. బాపు బతిమాలినా, తిట్టినా దిగలేదు.

సరస్సు నుంచి తిరిగొచ్చాక, బస వరండాలో తమ్ముడు నాకు టీ గ్లాసు అందించాడు. పడవలో ఆ పెద్దావిడ ఏడ్చిన ఏడుపు నాకు తిన్నది అరగనివ్వడం లేదు. ఇంకొక్కసారి చప్పట్లు వింటే నేను బతకనేమో అనిపించింది.

"తమ్మీ, నేను నిన్ను ఎత్తుకోలే."

"ఎప్పుడు?"

"గప్పుడే. మొసలి వచ్చిననాడు. నిన్ను తొట్టెల్లనే ఇడిసిపెట్టి ఉరికిన. గుడ్లు తెచ్చి నీ కింద పెట్టింది గూడ నేనే."

మొత్తం చెప్పాను, ఇక్కడ మీకు చెప్పినట్టే. వాడు టీ తాగలేదు.

"అవ్వకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి నన్నెవలు ఎత్తుకున్నరు?"

"ఎవలూ ఎత్తుకోలే. దాని పిల్లల్ని అది ఏరుకొని పోయింది. నువ్వు గట్లనే ఉన్నవు."

వాడు గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. భోజనానికి రాలేదు. గది తలుపు దగ్గర రెండుసార్లు నిలబడి తట్టలేక తిరిగొచ్చాను. ఏనుగులు, నీటిగుర్రాలు, మొసళ్లు, అన్నీ కలిపినా ఆ మూసిన తలుపంత భయపెట్టలేదు నన్ను. పరాయి దేశంలో, అరవై దాటిన తమ్ముడు లోపల ఏమనుకుంటున్నాడో తెలియక, సంచీ సర్దుకుని మంచం మీద కూర్చున్నాను.

పొద్దున తలుపు కొట్టింది వాడే. "పడవకు యాల్లయితుంది" అన్నాడు. అంతే. పడవలో అప్పటికే కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. నడిపే మనిషి నన్ను గుర్తుపట్టి, వాళ్లకు నన్ను చూపిస్తూ, నిన్నటి కథ చెప్పమని తమ్ముడికి సైగ చేశాడు. నేను తల వంచుకున్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

పడవ ఒడ్డు పక్కకు మళ్లింది. ఇసుక మీద మూడు మొసళ్లు పడుకుని ఉన్నాయి. ఒకటి లేచి, చప్పుడు లేకుండా నీళ్లలోకి జారింది. నా చెయ్యి పడవ కమ్మీ మీద బిగుసుకుపోయింది.

"అక్కా, జర లోపటికి జరుగు" అన్నాడు.

జరిగాను. వాడు నన్ను దాటుకుని వచ్చి నీళ్ల వైపు కూర్చున్నాడు. కమ్మీ మీద చెయ్యి చాపి నాకు అడ్డం పెట్టాడు. నన్ను చూడలేదు, నీళ్లనే చూస్తున్నాడు. ఆ రోజు గుడిసెలో నేను నిలబడాల్సిన చోటు అది. నేను వాడి వీపు చాటున కూర్చుని భయపడ్డాను, ఏడ్చాను, వాడి భుజం మీదుగా కాసేపు పక్షుల్ని కూడా చూశాను.